పుట్టుకను మించిన పదవి

రష్యా చక్రవర్తి మొదటి పీటర్ 1722 జనవరిలో వెలువరించిన 'హోదాల పట్టిక' సైన్యం, పౌర పరిపాలన, రాజాస్థానం అనే మూడు శాఖల కొలువులను పద్నాలుగు మెట్లుగా (ఒకటోది అన్నిటికన్నా పైది) విడదీసి, మనిషి స్థాయిని అతని తాత ముత్తాతల పేరును బట్టి కాక అతను ఎక్కిన మెట్టును బట్టి ఎంచాలని శాసించింది. అంతకు పూర్వం మాస్కో కొలువులో 'మెస్త్నిచెస్త్వొ' అనే ఆచారం ఉండేది. ఎవరి పూర్వీకుడు ఎవరి పూర్వీకుడి కన్నా పై కొలువు చేశాడన్న లెక్క మీదే సేనాధిపత్యం మొదలు విందులో కూర్చునే చోటు దాకా నిర్ణయమయ్యేది గనుక, సేనానుల మధ్య తగవులు ఒక పట్టాన తెగేవి కావు. 1682లో ఆ ఆచారాన్ని రద్దు చేసి, దాని చిట్టాలను తగలబెట్టారు. పీటర్ పట్టిక వల్ల మర్యాదల పట్టింపు తగ్గలేదు, దాని ఆధారం మాత్రమే మారింది: తన హోదాకు మించిన గౌరవస్థానం కోరినవాడు రెండు నెలల జీతం జరిమానా కట్టాలని ఆ శాసనంలోనే ఉంది.

సైన్యంలో అట్టడుగు అధికారి హోదా దక్కినా వంశపారంపర్య కులీనత వచ్చేది. పౌర ఉద్యోగికి మాత్రం ఎనిమిదో మెట్టు చేరితేనే అది సంతానానికి సంక్రమించేది, ఆ లోపు దక్కేది తనతోనే పోయే 'వ్యక్తిగత కులీనత'. దాంతో తొమ్మిదో మెట్టుకూ ఎనిమిదో మెట్టుకూ మధ్య గడప చాలా ఎత్తయింది. 1809లో సంస్కర్త స్పెరాన్‌స్కీ చొరవతో వచ్చిన ఉత్తర్వు ఆ గడప దాటడానికి విశ్వవిద్యాలయ పట్టానో పరీక్షో తప్పనిసరి చేయడంతో, తొమ్మిదో మెట్టు మీద 'టిట్యులర్ కౌన్సిలర్'గానే జీవితం గడిపేసిన గుమాస్తాలు రష్యన్ సాహిత్యానికి ముడిసరుకయ్యారు. రచయిత గొగోల్ రాసిన 'ఓవర్‌కోటు' కథలో ఏడాదికి నాలుగు వందల రూబుళ్ల జీతంతో కాగితాలకు నకళ్లు రాసుకునే కథానాయకుడిది ఆ హోదాయే. అలాంటివాడిని సైతం కింది ఉద్యోగి 'వాషె బ్లగరోదియె' అని, అంటే మంచి వంశంలో పుట్టిన వాడన్న అర్థంలో, సంబోధించాలి. పుట్టుకను వెనక్కి నెట్టిన వ్యవస్థ పిలుపులో మాత్రం దాన్నే పట్టుకు వేలాడటం విడ్డూరమే. కింది నుంచి పైకి వచ్చేవారు పెరిగేకొద్దీ ప్రభుత్వం ఆ గడపను ఇంకా ఎత్తు చేసి, 1845లో ఐదో మెట్టుకూ 1856లో నాలుగో మెట్టుకూ జరిపింది.

బిరుదుకూ సిరికీ పొత్తు ఉండి తీరాలని లేదు. 'క్న్యాజ్' అనే రాకుమార బిరుదు పెద్దకొడుక్కే కాక సంతానమందరికీ వచ్చేది, ఎస్టేటు కూడా వారసుల మధ్య ముక్కలయ్యేది. జ్యేష్ఠుడికో మరొకరికో ఒక్కరికే భూమి దక్కాలని పీటర్ 1714లో చేసిన చట్టాన్ని కులీనులు భరించలేక 1730 దశకం మొదట్లోనే రద్దు చేయించుకున్నారు. సంపదను ఎకరాలతో కాక 'ఆత్మల'తో, అంటే అర్ధబానిస రైతుల్లోని మగవారి తలలతో లెక్కించేవారు. షెరెమెత్యెవ్ అనే కులీన వంశానికి అవి లక్షకు పైగా ఉండగా, 1858 నాటి యజమానుల్లో నూటికి నలభై మందికి పైగా ఇరవై ఒక్క ఆత్మలైనా లేవు.

ఈ కొలతలు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఏమవుతుందో కవి పూష్కిన్ జీవితంలో కనిపిస్తుంది. ఆయనది ప్రాచీన కులీన వంశం, హోదా మాత్రం అదే తొమ్మిదో మెట్టు. పెళ్లికి ముందు తండ్రి ఇచ్చిన రెండు వందల ఆత్మలను 1831లో తాకట్టు పెడితే 38,000 రూబుళ్లు వచ్చాయి, అవీ త్వరలోనే ఖర్చయిపోయాయి. 1833 చివర నికొలాయ్ చక్రవర్తి ఆయనకు 'కామర్‌యుంకర్' అనే ఆస్థాన పదవి ఇచ్చాడు. సాధారణంగా పడుచు కుర్రవాళ్లకిచ్చే ఆ పదవి ముప్పై నాలుగేళ్ల తనకు తగదని కవి కోపగించుకున్నా, యూనిఫారం తొడుక్కుని ఆస్థానానికి వెళ్లక తప్పలేదు. 1837లో ద్వంద్వయుద్ధంలో మరణించేనాటికి మిగిలిన లక్షకు పైగా రూబుళ్ల అప్పును చక్రవర్తే తీర్చాడు. శవపేటికలో ఉంచేటప్పుడు మాత్రం ఆయన ఒంటి మీద ఆస్థాన యూనిఫారం లేదు, మామూలు ఫ్రాక్ కోటు తొడిగారు.