ధనియాలు మొలవడం లేదా?

కొత్తిమీర కట్ట ధర పెరిగేది ఎండాకాలంలో. మొలక దెబ్బతినేదీ అప్పుడే. మడి చేసి, ఎరువు వేసి, ధనియాలు చల్లి పదిహేను రోజులు నీళ్లు పెట్టినా అక్కడక్కడా నాలుగు మొక్కలు లేస్తే రైతు ఏం చేయాలి? కిరాణా కొట్టువాడిని తిట్టుకోవడం తప్ప దారి ఉండదు. అసలు ఆ కొట్టు ధనియాలు కూరకు తెచ్చినవే గానీ విత్తనానికి కావు. రంగు కోసం పచ్చిమీద కోసినవి, ఏళ్లు నిలవున్నవి కూడా అందులో కలిసి ఉంటాయి.

కాబట్టి చల్లేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. వంద బద్దలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో పరచి, చుట్టి నీడన ఉంచండి. పట్టా ఆరనివ్వకండి. పది పన్నెండు రోజుల్లో ఎన్ని మొలిచాయో చూడండి. విత్తన ప్రమాణాల ప్రకారం కనీసం 65 మొలవాలి. 50 మొలిస్తే మామూలుగా 6 కిలోలు చల్లే చోట 8 కిలోలు వేసుకోవాలి. 30 దాటకపోతే మాత్రం ఆ గింజలు చారుకే!

బద్దలు అన్నాం కదా. మనం గింజ అనుకునే ధనియం నిజానికి కాయ. అందులో రెండు విత్తనాలుంటాయి. విడదీయకుండా వేస్తే గట్టి పొట్టులోకి నీరు నెమ్మదిగా దిగుతుంది, మొలక ఆలస్యమవుతుంది. గచ్చుమీద పలచగా పరచి, చెప్పు అడుగుతో గానీ చెక్కతో గానీ తేలిగ్గా నలపండి. రోట్లో వేసి దంచితే మొలకే చితికిపోతుంది. ఈ పని విత్తేముందే చేయాలి, బద్దలు ఎక్కువకాలం నిలవుండవు.

తర్వాత 12 గంటలు నీళ్లలో నానబెట్టండి. పొట్టులో మొలకను అడ్డుకునే పదార్థాలుంటాయి, అవి నీళ్లలోకి దిగుతాయి. అందుకే మధ్యలో ఒకసారి నీళ్లు పారబోసి కొత్తవి పోయాలి. తీశాక గింజకు గింజ అంటుకోకుండా నీడన ఆరనిచ్చి, కిలోకు 4 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పొడి పట్టించండి. నానిన విత్తనాన్ని పొడి దుక్కిలో వేసి, నీళ్లు రేపు పెడదాంలే అనుకుంటే అంతా పోయినట్టే. పదును చూసుకుని సాయంత్రం పూట, అంగుళానికి మించని లోతులో వేయండి. ఎండలు ముదిరితే మడిమీద వరిగడ్డి పలచగా కప్పి, మొలకలు కనపడగానే తీసేయాలి. రెండు రోజులు ఆలస్యమైనా మొక్కలు పాలిపోయి సాగుతాయి.

వచ్చే ఏటికి విత్తనం సొంతంగా ఉంచుకుంటే ఈ తిప్పలు సగం తగ్గుతాయి. మంచి మడిలో కొంత భాగం కోయకుండా వదలండి. కాయలు పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరిగాక కోసి నీడన బాగా ఆరబెట్టి, విడదీయకుండానే గుడ్డసంచిలో పోసి చెక్కమీద పెట్టండి. గోడకు ఆనించకండి, యూరియా బస్తాల పక్కన అసలే వద్దు. ఏడాది దాటితే మళ్లీ గోనెపట్టా పరీక్ష తప్పదు.

మెంతులకు ఇంత శ్రమ అక్కర్లేదు. రాత్రి నానబెట్టి పొద్దున చల్లితే చాలు, వారం లోపే మొలుస్తాయి.