గుండెకు చికిత్స పొందినవారు రక్తదానము చేయవచ్చునా?

కృష్ణా జిల్లా మెట్టసీమగా పేరొందిన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. విజయవాడ-హైదరాబాదు జాతీయ రహదారి ఈ ప్రాంతము మీదుగనే పోవుచున్నది. రహదారి ప్రమాదములందును, కష్టమైన కాన్పులందును రక్తము అత్యవసరమగును. అది కర్మాగారమున తయారగు వస్తువు కాదు. ఒక మనిషి యిచ్చిననే వేరొక మనిషికి అందును. కావున రక్తదాన శిబిరములు జరిపించుట పంచాయతీలు చేయదగిన సేవలలో ముఖ్యమైనది.

అట్టి శిబిరములలో సభ్యులకు ఎదురగు ప్రశ్న యొకటి కలదు. “నాకు గుండెకు స్టెంటు వేసి రెండేండ్లయినది. ఇప్పుడు పొలము పనులన్నియు చేసికొనుచున్నాను. నేను రక్తమీయవచ్చునా?” అని అడుగువారుందురు. 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన పిమ్మట గుండె చికిత్స పేద కుటుంబములకును అందుచున్నది. ఆపరేషను నాడు ఇతరులు తమకు రక్తమిచ్చిరి గావున ఆ ఋణము తీర్చుకొనవలెనని కొందరి కోరిక. గ్రామ పెద్దలు గనుక ముందు తామే యిచ్చి చూపవలెనని మరికొందరి పట్టుదల. ఉద్దేశము మెచ్చదగినదే. కాని సమాధానము మాత్రము “ఈయరాదు” అనియే.

మన దేశమున జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శక సూత్రముల ప్రకారము గుండెపోటు వచ్చినవారు, గుండె రక్తనాళముల వ్యాధి కలవారు, బైపాస్‌తో సహా గుండె తెరచి ఆపరేషను చేయించుకొన్నవారు శాశ్వతముగా రక్తమీయరాదు. ఇతరమైన పెద్ద ఆపరేషనులైనచో కోలుకొన్న పిమ్మట 12 నెలలు ఆగిన చాలును. ఈ గడువు గుండెకు కూడ వర్తించునని పలువురు భ్రమపడుచున్నారు. అది సరికాదు. ఏడాది గడచినను, పదేండ్లు గడచినను గుండె విషయమున నిషేధము నిషేధమే.

ఇట్లేల? సాగరు కాలువలో ఒకచోట పూడిక తీసినచో నీరు పారును. కాని తక్కినచోట్ల మరల పూడిక చేరదని చెప్పలేము. స్టెంటు కూడ అట్టిదే. మూసికొనిన నాళమును ఒకచోట తెరచును గాని, నాళముల వ్యాధిని సమూలముగా పోగొట్టదు. పెద్దవారి శరీరమున సుమారు 5 లీటర్ల రక్తముండును. శిబిరమున 350 లేక 450 మిల్లీలీటర్లు తీయుదురు. అప్పుడు రక్తపోటు కొంత తగ్గవచ్చును. గుండె వేగము హెచ్చవచ్చును. ఆరోగ్యవంతునికి ఇది లెక్క కాదు. నాళములు సన్నగిల్లిన గుండెకు మాత్రము ఇదియే భారమై ఛాతీనొప్పి తేవచ్చును. కావున ఈ నిషేధము ముఖ్యముగా ఇచ్చువారి క్షేమము కొరకే ఏర్పడినది.

ఈ నియమము అన్ని దేశములందు ఒక్కటి కాదు. అమెరికాలో రెడ్‌క్రాస్ సంస్థ, చికిత్స జరిగి ఆరు నెలలు గడచి ఏ బాధయు లేనివారిని అంగీకరించుచున్నది. అచ్చటనున్న మన బిడ్డలు ఫోనులో చెప్పిన మాటను ఇచ్చట అన్వయింపరాదు.

అయితే ఒకరికి గుండెజబ్బు కలదని ఆ యింటివారందరును వెనుకకు పోనక్కరలేదు. ఆరోగ్యముగానున్న భార్యాబిడ్డలు ఈయవచ్చును. రక్తపోటునకు మాత్రలు వాడువారు సైతము, పోటు 140/90కి మించక, గడచిన 28 దినములలో మందు మోతాదు మారకయున్నచో అర్హులే. 18 నుండి 65 ఏండ్ల వయస్సు, కనీసము 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండవలయును. మొదటిసారి ఇచ్చువారు 60 ఏండ్లు దాటియుండరాదు. పురుషులు మూడు నెలలకును, స్త్రీలు నాలుగు నెలలకును ఒకసారి ఈయవచ్చును. యాంజియోగ్రాం తీసి దోషము లేదని చెప్పబడినవారును, చిన్ననాట గుండెలోని రంధ్రమును ఆపరేషను లేకయే మూయించుకొన్నవారును తమ ఆస్పత్రి కాగితములను వైద్యాధికారికి చూపి ఆయన నిర్ణయమును పాటింపవలయును.

పంచాయతీ సభ్యులను మేము కోరునవి కొన్ని కలవు. శిబిరమునకు ముందే ఈ నియమమును మైకులో చాటించుడు. ఆరోగ్య ప్రశ్నలు పదిమందిలో గాక చాటుగా అడుగునట్లు చూడుడు. పదిమంది యెదుట అడిగినచో జబ్బును దాచువారే ఎక్కువ. దాచినచో ప్రాణమునకే ముప్పు. సర్పంచి మొదట ఈయవలెననిగాని, ఇంటికొకరు ఈయవలెననిగాని పట్టుపట్టకుడు. వెనుకకు పంపబడినవారిని పరిహసింపనీయకుడు. ఎవ్వరికిని డబ్బు ఆశ చూపకుడు. 1998 జనవరి 1 నుండి మన దేశమున రక్తము అమ్ముకొనుట నిషిద్ధము.

ఇక ఋణము తీర్చుకొనదలచిన స్టెంటువారికి వేరొక పని కలదు. గ్రామములోని యువతీయువకుల పేర్లు, రక్తపు గ్రూపులు, ఫోను నెంబర్లు వారి సమ్మతితో ఒక పుస్తకమున వ్రాసి యుంచవచ్చును. అర్ధరాత్రి ఆస్పత్రి నుండి కబురు వచ్చినప్పుడు ఎవరిని లేపవలయునో ఆ పుస్తకము చెప్పును. చావు అంచు నుండి తిరిగివచ్చిన వ్యక్తి వచ్చి అడిగినప్పుడు కాదనువారు అరుదు. తాను ఈయలేని ఒక్క సీసాకు బదులు పదిమంది చేత ఇప్పించినవాడు ఋణము తీర్చుకొన్నవాడే యగును.