మాటు వేసి పక్షుల ఫొటో తీయడం



కార్తీకమాసం వస్తోందంటే మనందరికీ దీపాలు, ఉపవాసాలు, వనభోజనాలు గుర్తుకొస్తాయి గదా! నాకు వాటితోపాటు చెరువులు గుర్తుకొస్తాయి. నెల్లూరు సీమలో ఈశాన్య ఋతుపవనాల వానలు పడేది ఈ రోజుల్లోనే. చెరువు నిండి, అందులోని చెట్లు మొదళ్ల దాకా మునిగాయంటే చాలు, గూడబాతులూ, నత్తగుల్ల కొంగలూ, నీటికాకులూ వచ్చి కాపురాలు పెడతాయి. వాటిని ఫొటో తీయడమనే పిచ్చి నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఈ వేళ దాన్ని గురించే నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా నేను చేసిన తప్పు చెప్పాలి. అది చెప్పకుండా మిగతావి చెబితే నాకు మనసొప్పదు.

అప్పట్లో నాకు కొత్తగా కెమేరా చేతికొచ్చింది. రీలు కెమేరా, ముప్పయ్యారు బొమ్మలు పడితే అయిపోయేది. మా బంధువుల ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా తెల్లకొంగలు గూళ్లు పెట్టాయంటే వెళ్లాను. గట్టు మీది నుంచి తీస్తే పక్షి బియ్యపుగింజంత పడుతోంది. ఇంకొంచెం దగ్గరికెళితే బాగుంటుంది గదా అనిపించింది. చీరె ఎత్తి దోపుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగాను. పది బారలు కూడా నడిచానో లేదో, కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. లేచినవి లేచినట్టే గాలిలో తిరుగుతున్నాయి గాని దిగవు. నేను సంబరంగా తలెత్తి ఫొటోలు తీస్తున్నాను. ఇంతలో కాకులొచ్చాయి. ఎక్కడ కాచుకుని ఉన్నాయో ఏమో, గూటికొకటి చొప్పున వాలి గుడ్లు పొడుచుకుని తాగేశాయి. నేను చేతులూపి అరిచినకొద్దీ కొంగలు ఇంకా పైకి పోయాయి. నా అరుపులకు కాకులు మాత్రం బెదరలేదు.

గట్టు మీద గేదెను మేపుకుంటున్న ముసలమ్మ ఒకావిడ ఇదంతా చూసి, "పురిటిగది తలుపు తోసుకుని పోయినట్టు పోయావేంటమ్మా?" అంది. తిట్టలేదు, అంతే అంది. ఆ రీలు నేను కడిగించలేదు.

ఆ ముసలమ్మ మాట ఊరికే అన్నది కాదు. కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు అనే పల్లెలో జనం తమ ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు పెట్టే గూడబాతుల్ని పురిటికొచ్చిన ఆడబిడ్డలుగానే చూసుకుంటారు. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ కూడా పక్షులు ఊరివాళ్లను నమ్ముకుని ఊరి పక్కనే పిల్లల్ని చేస్తాయి. పురిటికొచ్చిన పిల్లను చూడాలంటే ఎలా వెళతాం? మెల్లిగా వెళతాం, తలుపు దగ్గరే నిలబడతాం, బిడ్డ నిద్రపోతుంటే మాట్లాడం. పక్షుల ఫొటో తీసే విద్యంతా దాదాపు ఇంతే.

దీనికి సాధనం "మాటు". ఇంగ్లీషులో హైడ్ అంటారు. పూర్వం వేటగాళ్లు మాటు వేసేవారు. మనమూ వేస్తాం గాని చేతిలో ఉండేది కెమేరా. పక్షికి ముఖ్యంగా భయం మనిషి ఆకారమన్నా, మనిషి కదలికన్నా. రెండు కాళ్ల మీద నిలబడి తనవైపే చూస్తూ నడిచొచ్చేదాన్ని అది శత్రువనుకుంటుంది. అదే తాటాకుల పాకో, గోనెపట్టల డేరాయో కదలకుండా అక్కడే ఉందనుకోండి, రెండు మూడు రోజులు అనుమానంగా చూసి తర్వాత దాన్ని లెక్కచేయదు. ఇంగ్లండులో రిచర్డ్ కీర్టన్, చెర్రీ కీర్టన్ అని ఇద్దరన్నదమ్ములు నూటపాతికేళ్ల కిందట లోపల గుల్లగా ఉన్న ఎద్దు బొమ్మను చేయించి, దాని పొట్టలో దూరి పక్షుల ఫొటోలు తీశారు. మేస్తున్న ఎద్దంటే పక్షులకు భయం ఉండదు గదా! మనం అంత శ్రమ పడక్కర్లేదు. తాటాకులు, జమ్ము, గోనెపట్ట చాలు. రంగురంగుల గుడ్డ వద్దు. గాలికి టపటపలాడే గుడ్డ అసలే వద్దు. కదలని పాకను నమ్మిన పక్షి కూడా కొట్టుకునే చెంగును నమ్మదు.

మాటును ఒకేసారి దగ్గర్లో వేయకూడదు. ముందు దూరంగా వేసి, రోజుకు కొంచెం కొంచెంగా ముందుకు జరపాలి. జరిపిన ప్రతిసారీ దూరంగా వచ్చేసి, పక్షులు మళ్లీ మామూలుగా దిగాయా లేదా చూసుకోవాలి. దిగకపోతే వెనక్కి జరపాలి. కెమేరా పెట్టే కంతలో మనం లేనప్పుడు కూడా నల్లటి ఖాళీ సీసా ఒకటి దోపి ఉంచితే మంచిది. రేపు అక్కడ లెన్సు కనబడ్డా వాటికి కొత్తగా ఉండదు.

ఇక లోపలికి వెళ్లడంలో ఒక తమాషా ఉంది. ఒక్కరే వెళ్లి కూర్చుంటే, మనిషి లోపలికి పోయి బయటికి రాలేదని పక్షులు కనిపెడతాయి. గంటలు గడిచినా దిగవు. ఇద్దరు కలిసి వెళ్లి, ఒకరు లోపల ఉండిపోయి, రెండోవారు బాగా కనబడేటట్టు మాట్లాడుకుంటూ తిరిగి వెళ్లిపోతే, "వచ్చినవాళ్లు వెళ్లిపోయారు" అనుకుని నింపాదిగా దిగుతాయి. చాలా పక్షులకు మనుషుల లెక్క తెలియదు. (మా మేనల్లుడు ఈ మాట విని, "అయితే మన పాలవాడికి చుట్టాలే అత్తయ్యా!" అన్నాడు.) బయటికి వచ్చేటప్పుడూ అంతే. మనంతట మనం హఠాత్తుగా లేచి రాకూడదు. ఆ రెండోవారు ముందుగా చెప్పిన వేళకి వచ్చి తీసుకెళ్లాలి. అప్పుడు పాకలోంచి మనిషి పుట్టుకొచ్చిందన్న భయం వాటికి కలగదు, మర్నాడు పాకను అనుమానించవు.

ఆ వేళ దాకా లోపల కూర్చోవడమే కష్టం. మూడు గంటలైనా పడుతుంది. కూర్చునే ముందు కర్రతో నేలంతా తట్టి చూసుకోండి, పాములుంటాయి. మనం పెద్దవాళ్లం గనుక సిగ్గుపడకుండా చెబుతున్నాను: వెళ్లేముందు నీళ్లు తక్కువ తాగండి, బయటి పనులన్నీ ముగించుకుని వెళ్లండి. గాజులు తీసి పెట్టండి. జరీ అంచు, తెల్లచీరె వద్దు. మాసిన ఆకుపచ్చదో, గోధుమరంగుదో కట్టుకోండి. సెల్‌ఫోను ఆపేయండి. నాతో ఒకసారి ఒక పిన్నిగారు వచ్చారు. సరిగ్గా గూడబాతు దిగే సమయానికి ఆవిడ సంచీలో భక్తిపాట మోగింది. దేవుడు క్షమించి ఉంటాడు గాని గూడబాతు క్షమించలేదు.

కెమేరా సంగతి కొంచెం. దూరపు లెన్సు, నాలుగువందల మిల్లీమీటర్లదైతే సుఖం. అది బరువు, చేత్తో పట్టుకుంటే వణుకుతుంది. దానికి మూడు కాళ్ల స్టాండు కన్నా మనం ఇంట్లోనే కుట్టుకునే సంచీ మేలు. పాత జీన్సు కాలొకటి కత్తిరించి, మూడు వంతులు రాగులో బియ్యమో పోసి మూతి కుట్టేస్తే చాలు, కంత దగ్గర కర్ర మీద వేసి లెన్సు దాని మీద ఆనించుకోవచ్చు. ఎగిరే పక్షికి షట్టరు సెకనులో వెయ్యో వంతైనా ఉండాలి; కూర్చున్నదానికి అంత అక్కర్లేదు. పొద్దుటి ఎండ మన వీపు మీద పడేటట్టు మాటు పడమటి ముఖంగా ఉండాలి.

తెల్ల పక్షులతో ఒక చిక్కుంది. వెనకాల చెట్లు నల్లగా, ముందు కొంగ తెల్లగా ఉంటే కెమేరా ఆ నలుపు చూసి మోసపోతుంది. వెలుతురు చాలదనుకుని ఎక్కువ లోపలికి రానిస్తుంది. అప్పుడు కొంగ సున్నం కొట్టిన గోడలా పడుతుంది, ఒక్క ఈక గీత కనబడదు. అలాంటప్పుడు వెలుతురును మనమే ఒక మెట్టు తగ్గించుకోవాలి.

ఇదంతా సరే, కొత్తవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? సొంతంగా గూళ్ల దగ్గర మాటు వేయడంతో మాత్రం కాదు. రక్షిత ప్రాంతంలో అటవీశాఖ అనుమతి లేకుండా అలాంటి పని చేయనే కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గూటిని గాని, గుడ్లను గాని కదిలించి కలవరపెట్టడం కూడా వేట కిందే లెక్క. అందుకని సూళ్లూరుపేట దగ్గర నేలపట్టుకు వెళ్లండి. 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించిన చోటు; దాదాపు 459 హెక్టార్లు. చెరువులో నీటి కడప చెట్లున్నాయి. గూడబాతులు వాటి మీద గూళ్లు కట్టి, మేతకు పులికాటు సరస్సుకు వెళ్లి వస్తుంటాయి. చూడడానికి ఎత్తైన మంచె కట్టారు. ఆ మంచే మన మాటు. పక్షులకు అలవాటైన కట్టడం, మనం కొత్తగా చేయాల్సిందేమీ లేదు.

అక్కడ ఏం చూడాలంటే, నీళ్లు నిండిన చెట్టునే అవి ఎందుకు ఎంచుకుంటాయో చూడండి. మొదట్లో నీళ్లుంటే నక్కా పిల్లీ ఎక్కలేవు. నీళ్లలో పడ్డ రెట్ట వల్ల ఆ నీరు పారిన పొలాలకు బలమని రైతులు చెబుతారు. గూడబాతు గుడ్లు పెట్టి దాదాపు నెలరోజులు పొదుగుతుంది. పుట్టిన పిల్ల ఒంటిమీద ఈక ఉండదు. మధ్యాహ్నపు ఎండకు తల్లి గానీ తండ్రి గానీ లేచి నిలబడి నీడ పడుతుంది. ఆ నీడ పోతే పిల్ల బతకడం కష్టం. మనం దగ్గరికెళ్లి లేపితే పోయేది కాకి తాగిన గుడ్డొక్కటే కాదన్నమాట. మెడలన్నీ ఒక్కసారి నిటారుగా లేచాయంటే, ఈకలు దువ్వుకునేవి దువ్వడం ఆపాయంటే, అది మనకు చెప్పడమే. అప్పుడు కెమేరా దించి, కదలకుండా ఉండాలి, లేదా మెల్లిగా వెనక్కి రావాలి. నత్తగుల్ల కొంగల్లో పెద్దవాటి ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు. ఫొటోలో చూసి ఏది తల్లో ఏది బిడ్డో చెప్పవచ్చు.

ఫొటో వెనక తారీఖు, చెరువు పేరు, గూళ్లు ఎన్నో రాసిపెట్టుకోండి. కొల్లేరు దగ్గర గూడబాతుల పెద్ద గూళ్లచోటు ఒకటుందని 1946లో నీలకంఠన్ అనే ఆయన చూసి రాసిపెట్టారు. 1974 ప్రాంతానికి పక్షులు దాన్ని వదిలేశాయి. ఆయన రాయకపోతే అక్కడేం పోయిందో కూడా మనకు తెలిసేది కాదు. ఇంగ్లండులో ఎమ్మా టర్నర్ అనే ఆవిడ నార్ఫోక్ మడుగుల్లో పడవ ఇంట్లో కాపురముండి పక్షుల్ని ఫొటో తీసేది. బిట్టర్న్ అనే రెల్లుకొంగ ఆ దేశంలో పిల్లల్ని చేయడం మానేసిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1911లో ఆవిడ ఒక బిట్టర్న్ పిల్లను ఫొటో తీసింది. పక్షి తిరిగి వచ్చిందనడానికి ఆ బొమ్మే సాక్ష్యమయింది.

నేలపట్టుకు వెళ్లేవాళ్లు వానలు పడి చెరువు నిండిందో లేదో ముందుగా కనుక్కుని వెళ్లండి. అక్టోబరు మొదట్లో తొందరపడితే ఖాళీ చెట్లే కనబడవచ్చు. నవంబరు, డిసెంబరు మేలు. సూళ్లూరుపేటలో రైలు దిగి, తెల్లవారేసరికి మంచె దగ్గరుండండి. తిండి మీరే పట్టుకెళ్లండి. పులిహోరైతే సాయంత్రం దాకా పాడవదు. ఆకులూ కాగితాలూ మాత్రం సంచీలో వేసుకుని తిరిగి తెచ్చేయండి; కాకుల్ని మళ్లీ నేను పిలవదలుచుకోలేదు.