గిర్గిట్ అని రాయి ఎత్తే ముందు

మొన్నొక సాయంత్రం ఖిలా వరంగల్‌లో శిలాతోరణాల దగ్గర నడుస్తున్నాం. రాతిగోడ మీద ఎండ కాచుకుంటున్న తొండ ఒకటి తల పైకీ కిందికీ ఆడిస్తోంది. "గిర్గిట్! గిర్గిట్!" అంటూ నలుగురు పిల్లలు రాళ్ళు అందుకున్నారు. ఎందుకు బేటా అని అడిగాం. "అది దూరం నుంచే రక్తం పీలుస్తుంది" అన్నాడొకడు. "ఇబ్రాహీం అలైహిస్సలాం గారి కోసం రాజేసిన మంటను ఊదింది ఇదే చాచా, చంపితే సవాబ్ అని మా దాదీ చెప్పింది" అన్నాడు ఇంకొకడు.

రక్తం మాట ముందు తేల్చుకుందాం. జతకట్టే కాలంలో మగతొండ తల, గొంతు ఎర్రబడతాయి. ఆ ఎరుపే ఈ అపవాదుకు మూలం. తల ఊపడం మనల్ని వెక్కిరించడానికి కాదు, ఈ గోడ నాదని సాటి మగతొండలకు చెప్పుకోవడానికి. దాని తిండి ప్రధానంగా పురుగులు.

ఇక అసలు ఊసరవెల్లి వేరే జీవి. తొండలా పరుగెత్తలేదు. గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ అడుగు వేస్తుంది. వేళ్ళు రెండూ మూడుగా విడిపోయి కొమ్మను పటకారులా పట్టుకుంటాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది. ఒక కన్ను ముందుకు, ఒక కన్ను వెనక్కు చూడగలదు. పురుగు కనబడితే రెండు కళ్ళూ దానిమీదే నిలుస్తాయి, ఒంటికన్నా పొడవైన నాలుక రెప్పపాటులో దూసుకెళ్ళి దాన్ని అంటించుకుని వస్తుంది. దానికి విషం లేదు.

ఏ వస్తువు మీద పెడితే ఆ రంగుకు మారుతుందన్నది నిజం కాదు. ఆకుపచ్చ రంగు దాన్ని ఆకుల్లో దాస్తుంది, నిజమే. కానీ రంగు మారేది ఎక్కువగా ఎండకు, చలికి, భయానికి, కోపానికి. మడగాస్కర్ ఊసరవెల్లుల మీద జెనీవా విశ్వవిద్యాలయం వారు పరిశోధన చేసి 2015లో ప్రకటించారు: చర్మ కణాల్లో అతి సూక్ష్మమైన స్ఫటికాలు ఉంటాయి. అవి దగ్గరగా ఉన్నప్పుడు నీలికాంతి తిరిగొస్తుంది, చర్మంలోని పసుపుతో కలిసి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఆవేశం వస్తే స్ఫటికాల మధ్య ఎడం పెరిగి పసుపు, ఎరుపు బయటపడతాయి. మాట మార్చే నాయకుణ్ణి ఊసరవెల్లి అని తిడుతుంటాం. మనసులో ఉన్నది ఒంటి మీదే చూపించే జీవికి అది కాస్త అన్యాయమే!

దాదీ మాట మిగిలింది. హదీసులో ఉన్న పదం 'వజగ్'. అరబ్బీలో అది బల్లి జాతికి పేరు. కొన్ని ఉర్దూ అనువాదాల్లో 'గిర్గిట్' అని రావడంతో తొండ, ఊసరవెల్లి కూడా ఆ లెక్కలో చేరిపోయాయి. ఊసరవెల్లికి అరబ్బీలో 'హిర్బా' అని వేరే పేరుంది. తొమ్మిదో శతాబ్దపు బస్రా పండితుడు అల్ జాహిజ్ తన జంతుగ్రంథంలో హిర్బా గురించి విడిగా రాశారు. ధర్మం తేల్చడం ఆలిముల పని. మేము చెప్పేది పేరు సంగతే.

గుడ్లు పెట్టే వేళకు ఆడ ఊసరవెల్లి చెట్టు దిగి, మట్టి తవ్వి, గుడ్లు కప్పి వెళుతుంది. నేల మీద ఆ నడకతో అది రాయినీ తప్పించుకోలేదు, లారీ చక్రాన్నీ తప్పించుకోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని చంపడం నేరం కూడా.

ఇదంతా విని ఆ పిల్లవాడు రాయి కింద పడేశాడు. కాసేపు ఆలోచించి, "మరి మా వంటింట్లో బల్లి సంగతేంటి చాచా?" అన్నాడు. జుమా తర్వాత మౌల్వీ సాబ్‌ను అడుగు బేటా అన్నాం.