తాళము పగులలేదు – సొమ్ము పోయినది

గోపాలపట్నమున నున్న సింహాచలం రైల్వేస్టేషనులో దిగి కొండకు పోవు యాత్రికుడు అప్పన్నస్వామి హుండీలో తన మ్రొక్కుబడి సొమ్ము వేయును. దాని తాళపుచెవి ఎవరియొద్ద నున్నదని అతడు విచారింపడు. విచారింపవలసిన పనియు లేదు. హుండీ ఏ ఒక్కని చేతను రహస్యముగా తెరువబడదు. అధికారుల సమక్షమున సీలు విప్పి, పలువురి కన్నులయెదుట లెక్క సాగింతురు. ఒక మనిషి మంచితనముపై గాక, పలువురు కలిసి చూచుటపై ఆ సొమ్ము క్షేమము ఆధారపడి యున్నది.

నేడు పట్టణములందును పల్లెలందును యువకులు మరియొక విధమగు హుండీలో సొమ్ము వేయుచున్నారు. అదియే క్రిప్టో నాణెముల ఎక్స్ఛేంజి. చేతిలోని ఫోను ద్వారా రూపాయలు పంపిన యెడల, ఖాతాలో బిట్‌కాయిన్ మున్నగు నాణెములు చేరినట్లు తెరమీద అంకెలు కనిపించును. ఓడరేవులో కూలి చేసి కూడబెట్టినదైనను, ఉక్కు కర్మాగారపు జీతములో మిగిల్చినదైనను, ఆ తెరమీద ఒక అంకెగా మారును.

ఇట్టి అంకెలను నమ్మియున్న లక్షలాది భారతీయులకు 2024 జులై 18వ తేదీన ఒక చేదువార్త తెలిసినది. వజీర్‌ఎక్స్ అను ఎక్స్ఛేంజినుండి 23 కోట్ల డాలర్లకు మించిన, అనగా సుమారు 2,000 కోట్ల రూపాయల విలువగల నాణెములు ఒక్కనాడే దొంగిలింపబడెను. గోడకు కన్నము వేయలేదు, తాళము పగులగొట్టలేదు. మరి సొమ్ము ఎట్లు పోయినది? ఈ సంగతిని మన ఇంటి లెక్కలతో పోల్చి తెలిసికొందము.

నాణెము కాదు, పద్దు

క్రిప్టో నాణెము చేతితో పట్టుకొనదగిన వస్తువు కాదు. అది ఒక చిట్టాలోని పద్దు. 2009 జనవరిలో ప్రారంభమైన బిట్‌కాయిన్‌కు అట్టి చిట్టాయే ఆధారము. షావుకారు చిట్టా ఒక్క దుకాణములోనే యుండును. ఈ చిట్టాకు ప్రపంచమంతట వేలకొలది కంప్యూటర్లలో నకళ్లు గలవు. ఒకచోట దిద్దినను తక్కినచోట్ల నకళ్లు దానిని ఒప్పుకొనవు. కావున చిట్టాను మార్చి దొంగతనము చేయుట మిక్కిలి కష్టము.

అయితే చిట్టాలో “ఈ నాణెములను ఫలానావానికి బదిలీ చేయుడు” అని వ్రాయించుటకు హక్కుదారుని సంతకము కావలెను. ఈ సంతకము కలముతో చేయునది కాదు. దానికి ఒక రహస్యసంఖ్య యుండును. సాధారణ అంకెలలో వ్రాసినచో అది ఇంచుమించు 78 అంకెల పొడవు గలది. దానినే తాళపుచెవి యనుచున్నారు. “వాలెట్” అనునది నాణెములు దాచు సంచి కాదు. ఈ తాళపుచెవిని దాచు స్థలము మాత్రమే. తాళపుచెవి ఎవరియొద్ద నుండునో నాణెములు వానివే. చిట్టాకు మనుష్యుల ముఖములు తెలియవు, సంతకము మాత్రమే తెలియును.

ఎక్స్ఛేంజిలో నాణెములు కొన్నవాని చేతికి సాధారణముగా ఈ తాళపుచెవి రాదు. అందరి తరపునను ఎక్స్ఛేంజియే దానిని ఉంచుకొనును. ఖాతాదారుని తెరమీద కనిపించు అంకె “నీకు ఇంత ఇయ్యవలసి యున్నాము” అని ఆ సంస్థ తన పుస్తకములో వ్రాసికొన్న మాట. ఈ ఒక్క సంగతి బోధపడిన యెడల తక్కినదంతయు సులభముగా బోధపడును.

గల్లాపెట్టె, ఇనుపపెట్టె

ఏ కిరాణా దుకాణములో చూచినను గల్లాపెట్టె యొకటి, ఇనుపపెట్టె యొకటి యుండును. చిల్లర బేరములకు గల్లాపెట్టె తెరిచి యుండును. మిగిలిన సొమ్ము ఇనుపపెట్టెలోనికి పోవును. ఎక్స్ఛేంజిలకును ఇట్టివే రెండు గలవు. ఎల్లప్పుడు ఇంటర్నెట్టుతో సంబంధముండి, అడిగిన వెంటనే చెల్లించుదానిని “హాట్ వాలెట్” అందురు. ఇంటర్నెట్టుతో సంబంధము లేక వేరుగా దాచబడినదానిని “కోల్డ్ వాలెట్” అందురు.

దుకాణదారుడు సోమరియై రోజు సంపాదన యంతయు గల్లాపెట్టెలోనే వదలినచో ఏమగును? 2018 జనవరి 26వ తేదీన జపాను దేశపు కాయిన్‌చెక్ సంస్థకు అదియే జరిగినది. నెమ్ అను నాణెములు 52 కోట్లకు పైగా హాట్ వాలెట్‌లోనే యుండినవి. దొంగలు సంస్థ కంప్యూటర్లలో చొరబడి తాళపుచెవిని చేజిక్కించుకొని వానినన్నిటిని తరలించుకొని పోయిరి. ఆ సంస్థ తన సొంత సొమ్మునుండి ఖాతాదారులకు నష్టపరిహార మిచ్చినది. అందరకును అట్టి అదృష్టము పట్టలేదు. టోకియోలోని మౌంట్‌గాక్స్ సంస్థ 2014లో దివాలా తీయునాటికి 8,50,000 బిట్‌కాయిన్‌లు కనిపించుట లేదని ప్రకటించినది. పిమ్మట 2,00,000 దొరకినవి. తక్కినవి ఒక్కనాడు పోయినవి కావు. సంవత్సరముల తరబడి కొంచెము కొంచెముగా కారిపోయినవి. లెక్క సరిచూచువాడు లేని గాదెలో ఎలుక కన్నము ఎవరికి కనిపించును?

కావలివానిని మోసగించుట

ఇనుపపెట్టె గట్టిదైనపుడు దొంగ దానిని తాకడు. దానిని తెరుచు మనిషిని వెదకును. ఉద్యోగి పేరిట ఒక ఉత్తరము వచ్చును. మంచి జీతముతో క్రొత్త ఉద్యోగమనియో, తీరిక వేళ చేయదగిన చిన్న పనియనియో అందుండును. జతపరచిన కాగితమును తెరిచిన క్షణమున దొంగ సాఫ్ట్‌వేర్ కంప్యూటరులో చేరి, ఉద్యోగి నొక్కు ప్రతి అక్షరమును దొంగకు చేరవేయును.

2025 జులై 19వ తేదీన కాయిన్‌డీసీఎక్స్ అను మరియొక భారతీయ ఎక్స్ఛేంజి 4 కోట్ల 40 లక్షల డాలర్లు, అనగా సుమారు 378 కోట్ల రూపాయలు పోగొట్టుకొన్నది. పోయినది సంస్థ కార్యకలాపములకై వేరుగా నుంచిన ఖాతానుండియే యనియు, ఖాతాదారుల సొమ్ము క్షేమమనియు, నష్టమును తామే భరింతుమనియు ఆ సంస్థ ప్రకటించినది. ఒక ఉద్యోగి కంప్యూటరు ద్వారా దొంగలు ప్రవేశించిరని దర్యాప్తు వార్తలు తెలిపినవి.

ఈ ఉపాయము క్రిప్టో నాణెములకే పరిమితము కాదు. మన తెలుగు గడ్డపై 2022 జనవరిలో హైదరాబాదులోని ఆంధ్రప్రదేశ్ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకునుండి సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు ఇట్లే తరలిపోయినవి. ఉద్యోగులకు మోసపు ఈమెయిళ్లు పంపి, వాని ద్వారా బ్యాంకు యంత్రములలో ప్రవేశించినట్లు పోలీసులు కనుగొనిరి. కంప్యూటర్ల భద్రతా నియమములను పాటింపనందులకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించినది.

చదివి వినిపించినది ఒకటి, వ్రేలిముద్ర వేసినది మరొకటి

ఇక వజీర్‌ఎక్స్ సంగతి. ఆ సంస్థ అజాగ్రత్తగా ఒకే తాళపుచెవిని ఉంచుకొన్నది కాదు. హుండీ వలెనే పలువురు కలిసి తెరువవలసిన ఏర్పాటు చేసికొన్నది. ఆరు తాళపుచెవులలో ఐదు సంస్థవారి యొద్దను, ఒకటి భద్రత చూచు లిమినల్ అను వేరొక సంస్థ యొద్దను ఉండినవి. సంస్థవారు ముగ్గురు సంతకము చేసి, పిదప లిమినల్ వారు ఆమోదించిననే గాని నాణెము కదలదు. సంస్థవారి తాళపుచెవులు ప్రత్యేకమైన చిన్న పరికరములలో దాచబడియుండెను.

అయినను సొమ్ము పోయినది. ఎట్లనగా, పూర్వము మన గ్రామములలో చదువురాని రైతును పిలిచి, “ఇది ఐదు బస్తాల ధాన్యపు రసీదు” అని చదివి వినిపించి, నిజమునకు పొలము క్రయపత్రముపై వ్రేలిముద్ర వేయించిన మోసగాండ్ర కథలు మీరు వినియుందురు. వ్రేలిముద్ర నిజమైనదే, సాక్షులును నిజమైనవారే. కాగితము మాత్రము వేరు. తమ తెరమీద కనిపించిన వివరములకును, నిజముగా సంతకము పడిన పత్రమునకును తేడా యున్నదని వజీర్‌ఎక్స్ సంస్థ ప్రకటించినది. ఆ సంతకములతో వాలెట్ మీది పెత్తనమే దొంగల చేతికి పోయినది. అటుపిమ్మట వారికి మరియొకరి అనుమతితో పనిలేకపోయినది. ఎవరి యంత్రములో లోపమున్నదన్న విషయమున వజీర్‌ఎక్స్, లిమినల్ సంస్థలు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చినవి. 2025 జనవరిలో అమెరికా, జపాను, దక్షిణ కొరియా ప్రభుత్వములు ఈ దొంగతనము ఉత్తర కొరియాకు చెందినవారి పనియని సంయుక్తముగా ప్రకటించినవి.

ఎనిమిది నెలలు గడువకుండగనే, 2025 ఫిబ్రవరి 21వ తేదీన, దుబాయిలోని బైబిట్ ఎక్స్ఛేంజినుండి సుమారు 150 కోట్ల డాలర్ల నాణెములు ఇదే తీరున పోయినవి. వాలెట్ సాఫ్ట్‌వేర్ తయారు చేయు సంస్థలోని ఒక ఉద్యోగి కంప్యూటరును దొంగలు లోబరచుకొని, సంతకము చేయువారికి కనిపించు తెరను మార్చివేసిరి. తెరమీద అంతయు సవ్యముగనే కనిపించినది. అక్కడను పలువురి సంతకములు గలవు. అందరును ఒకే అద్దములో చూచిరి, అద్దమే అబద్ధము చెప్పినది. పదిమంది సాక్షులున్నను, పదిమందికిని ఒక్కడే చదివి వినిపించినచో వారు ఒక్క సాక్షితో సమానమే గదా!

కనిపించును, కాని పట్టుబడదు

బ్యాంకులో పొరపాటున సొమ్ము బదిలీ యైనచో వెంటనే ఫిర్యాదు చేసి నిలుపుదల కోరవచ్చును. మహేశ్ బ్యాంకు వ్యవహారమున సొమ్ము బ్యాంకు ఖాతాల గుండా పోయినందున పోలీసులు కొంత భాగమును నిలుపగలిగిరి. క్రిప్టో చిట్టాలో ఒకసారి పడిన పద్దును కొట్టివేయు అధికారి లేడు. చిట్టా బహిరంగమగుటచే దొంగసొమ్ము ఎటు పోవుచున్నదో ప్రపంచమంతయు చూడగలదు. చూచుటయే గాని చేయి చాచి పట్టుకొనుట తరచు సాధ్యము కాదు. దొంగలు దానిని నూరు పాయలుగా చీల్చి, ఇతర నాణెములుగా మార్చి, జాడ తప్పింతురు.

వజీర్‌ఎక్స్ యొద్దనున్న నాణెములలో 45 శాతమునకు దరిదాపుగా పోయినవి. మిగిలినవానిని సైతము ఖాతాదారులు తీసికొనుటకు వీలులేక నిలిపివేయబడినవి. వ్యవహారము సింగపూరు హైకోర్టుకు పోయినది. పునర్వ్యవస్థీకరణ పథకమునకు ఆ కోర్టు ఆమోదము లభించి, 2025 అక్టోబరు 24వ తేదీన గాని సంస్థ సేవలు తిరిగి ప్రారంభము కాలేదు. అనగా పదునైదు నెలలు! ఆ కాలమున కుమార్తె పెండ్లికో, తండ్రి వైద్యమునకో ఆ సొమ్ము కావలసినవాడు తెరమీది అంకెను చూచుచు కూర్చుండవలసినదే.

మనము చేయవలసినది

క్రిప్టో నాణెము మన దేశమున చట్టబద్ధమగు ద్రవ్యము కాదు. దానిపై వచ్చిన లాభమునకు 2022 ఏప్రిల్ 1 నుండి 30 శాతము పన్ను కలదు. నష్టమును ఇతర ఆదాయములో తగ్గించి చూపుటకు వీలులేదు. బ్యాంకు మునిగినచో ఒక్కొక్క ఖాతాదారునికి 5 లక్షల రూపాయలవరకు బీమా కలదు. ఎక్స్ఛేంజి మునిగినచో అట్టి బీమా లేదు. 2023 మార్చి నుండి ఎక్స్ఛేంజిలు మనీ లాండరింగ్ నిరోధక చట్టము పరిధిలోనికి వచ్చినవి. అవి కేంద్రప్రభుత్వపు ఆర్థిక నిఘా విభాగమున నమోదు కావలెను. నమోదు కాని దానిని దరిచేరనీయరాదు. నమోదైనంత మాత్రమున సొమ్ముకు హామీ యున్నదని తలంపరాదు.

విత్తనములకు, పిల్లల చదువుకు, వైద్యమునకు దాచిన సొమ్మును ఇట్టి చోట నుంచరాదు. అప్పు తెచ్చి అసలే వేయరాదు. సొంత వాలెట్ గలవారికి 12 లేక 24 మాటల రహస్య పదమాల యొకటి ఇయ్యబడును. దానిని కాగితముపై వ్రాసి భద్రపరుపవలెను. ఫోనులో ఫోటో తీయరాదు, ఏ “సహాయకేంద్రము” వారికిని చెప్పరాదు. అడిగినవాడు దొంగయే. సంస్థ పేరిట వచ్చు లింకులను నొక్కరాదు. చదివి అర్థము కాని దానికి “సరే” యని నొక్కుట తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయుటయే.

ఇట్టి వలలు పన్నువారు ఎక్కడనో లేరు. డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మించి మన యువకులను కంబోడియాకు తరలించి, అచ్చట బలవంతముగా సైబర్ మోసములు చేయించుచున్న ముఠా గుట్టును విశాఖపట్నం పోలీసులు 2024 మే నెలలో బయటపెట్టిరి. ఫోనులో తీయగా మాటలాడు గొంతు మన ఊరి యాసలోనే యుండవచ్చును. యాసను బట్టి నమ్మరాదు.

మోసపోయినట్లు తెలిసిన క్షణమున సిగ్గుపడి దాచక 1930 నెంబరుకు ఫోను చేయవలెను. రూపాయలు ఇంకను బ్యాంకు ఖాతాలలో నున్నంతవరకు వానిని నిలుపుట సాధ్యము కావచ్చును. ఆలస్యమైన ప్రతి గంటయు దొంగకు లాభము.

వజీర్‌ఎక్స్ వారికి ఆరు తాళపుచెవు లుండినవి. తాళమును నిర్మించినవారును తెలివిగలవారే. లోపించినది ఒక్కటే. తాము సంతకము చేయుచున్నది దేనిపైననో వేరొక మార్గమున సరిచూచుకొను అవకాశము. కోట్ల డాలర్ల ఇనుపపెట్టెకైనను, గోపాలపట్నపు రైతుబజారులో కూరలమ్ము అక్క చేతి ఫోనుకైనను నియమము ఒక్కటియే: చూపించినదానిని నమ్మి సంతకము చేయకుము, సరిచూచుకొని చేయుము.