చీమలును పెరటితోటయు

పెరటిలోని చిక్కుడుపాదు పూతకు వచ్చినది. ఒకనాటి ఉదయమున దానిపై చీమలు బారులు తీరి ప్రాకుచుండెను. లేతకొనలు ముడుచుకొని పోయియుండెను. ఇట్టిది చూచినవారు చీమలే పాదును పాడుచేసినవని తలచి, విషపు పొడిని చల్లుదురు. చీమలు చచ్చును, కాని కొనల ముడుత పోదు. కొన్ని దినములకు చీమలును మరల వచ్చును. దీనికి కారణమేమి?

ఆకును త్రిప్పి చూడుడు. అడుగున నల్లని చిన్న పురుగులు గుంపులుగా అంటియుండును. ఇదియే పేనుబంక. ఇది మొక్క రసమును పీల్చి, తీపి ద్రవమును విసర్జించును. చీమలు వచ్చుట ఆ తీపికొఱకే. గొల్లవాడు మందను కాచినట్లు చీమలు పేనుబంకను కాచును. దానిని తినవచ్చిన అక్షింతల పురుగులను తఱిమివేయును. ఈ కావలి తొలగినచో అక్షింతల పురుగులే పేనుబంకను తిని మొక్కను రక్షించును. విషము చల్లినచో ఆ మిత్రులును చచ్చును.

కావున మొదట ఆకుల అడుగున నీటిని వడిగా చిమ్మి పేనుబంకను కడిగివేయవలెను. అప్పటికిని పోనిచో, సబ్బునీటిలో కొంచెము వేపనూనె కలిపి ఎండ తగ్గిన వేళ చల్లవలెను. పందిరి గుంజలకును, నిమ్మ, జామ చెట్ల మొదళ్లకును గుడ్డపట్టీ చుట్టి, దానిపై ఆముదము దట్టముగా పూసినచో చీమలు ఎక్కుట కష్టమగును. దుమ్ము పట్టినపుడు మరల పూయవలెను. గోడకు తగులు కొమ్మలను కత్తిరింపవలెను. లేనిచో అవియే చీమలకు వంతెనలగును. నీటిపళ్ళెములో రాయి నుంచి, దానిపై పూలకుండీని నిలుపవచ్చును. దోమలు పెరుగకుండ మూడు దినముల కొకసారి ఆ నీరు మార్చవలెను. చీమల పుట్టలో మరిగిన నీరు పోయరాదు; దాపున నున్న మొక్కల వేళ్ళు చెడును.

చీమలన్నియు మనకు శత్రువులు కావు. అవి మట్టిని తొలిచి వేళ్ళకు గాలియు నీరును అందునట్లు చేయును. చచ్చిన పురుగులను ఈడ్చుకొనిపోయి తోటను శుభ్రపఱచును. క్రీ. శ. 304 నాటిదని చెప్పబడు ఒక చీనా గ్రంథములో ఒక వింత కలదు. దక్షిణ చీనాలో నారింజ కాయలను పురుగుల బారినుండి కాపాడుటకై జనులు చీమల గూళ్ళను బజారులో కొని చెట్లపై నుంచెడివారట! మన మామిడి చెట్లపై ఆకులను కుట్టి గూడు కట్టు ఎఱ్ఱచీమలు ఆ జాతివే.

కావలివానిని కొట్టినంత మాత్రమున దొంగ పోడు. చీమపై కోపించుటకు ముందు ఆకును త్రిప్పి చూచుట తోటమాలి నేర్వవలసిన మొదటి పాఠము.