కుర్చీ రాజుది, కలప ఎవరిది?

1714 నుంచి 1830 దాకా ఇంగ్లండును వరసగా నలుగురు జార్జిలు ఏలారు. ఆ కాలపు ఇళ్లకూ, కుర్చీలకూ, బల్లలకూ జార్జియన్ శైలి అన్న పేరు వాళ్లవల్లే వచ్చింది. హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనం ఆ బాణీదే. ఎత్తయిన స్తంభాలూ, రెండు పక్కలా సరితూగే కొలతలూ చూడగానే చెప్పేస్తాయి. శైలికి రాజు పేరు పెట్టేశాక, కలప ఎక్కడిదని అడిగేవాళ్లు ఉండరు. భద్రాచలం అడవి అంచున ఉన్నవాళ్లు ముందు అడగాల్సింది అదే.

శైలి అంటే గీత, చెక్క ఏదైతేనేం అనవచ్చు. కానీ ఇక్కడ చెక్కే గీతను నడిపించింది. వాల్‌నట్‌కు కరువొచ్చి, 1720లో ఫ్రాన్సు దాని ఎగుమతిని ఆపేసింది. మరుసటి ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు వలసల కలప మీద సుంకం ఎత్తేసింది. జమైకాలో బానిసలు నరికిన మహాగని లండన్ చేరింది. థామస్ చిపెండేల్ 1754లో అచ్చువేసిన నమూనాల్లోని జాలీ వీపులు, సన్నని కాళ్లు విరగకుండా నిలిచాయంటే, అంత గట్టి, నునుపైన చెక్క దొరకబట్టే. అదే నమూనా మన తీరానికొచ్చి మళ్లీ మారింది. విశాఖపట్నం కంసాలులు ఇంగ్లీషు ఆకారాలకు దంతం తాపి, దానిమీద గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపారు. అంచుల్లో పాకే ఆ తీగలు చిపెండేల్‌కంటే మన కలంకారీకి దగ్గరివాళ్లలా కనిపిస్తాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాటిని దాచుకుంది. ఇక మామూలు సామానుకొస్తే, జిగురుతో అతికించే పలుచని పైచెక్క మన ఉక్కకు ఊడిపోతుంది. అందుకే ఇక్కడ నిండు టేకు, మెత్తల చోట పేము అల్లిక వచ్చాయి.

భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం బ్రిటిష్‌వాళ్లకు ఇచ్చింది 1860లో. అప్పటికి జార్జిల కాలం ముగిసి ముప్పై ఏళ్లు, కాబట్టి ఈ అడవికీ ఆ కుర్చీకీ ముడిపెట్టడం కుదరదంటారు. తేదీల లెక్కన నిజమే. రాజులు పోయినా వాళ్ల కాలంలో కుదిరిన అభిరుచి కచేరీల్లో, దొరల బంగళాల్లో మిగిలింది. దానికి టేకు కావాలి. ఇక్కడి టేకు గోదావరి మీద తెప్పలుగా రాజమండ్రికి దిగేది. కుర్చీలకంటే రైలు పట్టాల కింది స్లీపర్లే ఎక్కువ చెట్లను మింగాయన్న మాటనూ ఒప్పుకుంటాను. అయితే చెట్టును చూసే చూపు రెండింటిదీ ఒకటే: కోతకు పనికొచ్చేదే సర్కారు సొత్తు, తక్కినది అడ్డు. కోయలకు ఇప్పచెట్టు నరకరానిది, పోడు బతుకుతెరువు. ఆ లెక్క సర్కారు చిట్టాలోకి ఎక్కలేదు.

మధ్య పరగణాల కింద ఉన్నన్నాళ్లూ రేకపల్లిలో పోడుకు గొడ్డలికి నాలుగణాలు కడితే సరిపోయేది. 1874లో ఈ సీమ మద్రాసు పాలనలోని గోదావరి జిల్లాలో కలిశాక, ఆ పన్ను దాదాపు మూడింతలైంది. కొన్ని చోట్ల పోడుకే ఆంక్ష పెట్టారు. 1879లో రంపలో లేచిన తిరుగుబాటుకు అక్కడి మన్సబుదారు మీద, కల్లుగీత పన్ను మీద కోపం మూలం. అది రేకపల్లికి పాకడానికి మాత్రం గొడ్డలి పన్నే దారి వేసింది. తిరుగుబాటును అణిచేశాక, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాంతో సర్కారు గీసుకున్న రిజర్వు హద్దులకు చట్టం బలం కూడా దొరికింది.